కాలమ్ డేటా రకం మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టేబుల్ సృష్టించిన రోజున ఎంచుకున్న డేటా రకం ఎల్లకాలం సరిపోదు. తేదీలను టెక్స్ట్‌గా దాచి ఉంటారు, డబ్బును ఫ్లోట్‌లో పెట్టి ఉంటారు, ఐడీలు ఇంటీజర్ (పూర్ణసంఖ్య రకం) పరిమితికి చేరువై ఉంటాయి. మార్చే ఆదేశం ఒక్క వాక్యమే. కానీ ఆ వాక్యంతో కాలమ్‌లోని ప్రతి విలువా కొత్త రూపంలోకి వెళుతుంది. అందుకే ముందు విలువలను చూడాలి, ఆ తర్వాతే ఆదేశం రాయాలి. ఈ పేజీలోని సమాధానాలన్నీ ఆ క్రమాన్నే పాటిస్తాయి. ఉదాహరణలు ఎక్కువగా పోస్ట్‌గ్రెస్‌వి. మిగతా డేటాబేస్‌ల తీరు వేరుగా ఉన్నచోట విడిగా చెప్పాను.

రకం మార్చడానికి ఆదేశం ఏమిటి?

పోస్ట్‌గ్రెస్‌లో ఇలా రాస్తారు:

ఆల్టర్ టేబుల్ బిల్లులు ఆల్టర్ కాలమ్ మొత్తం టైప్ న్యూమరిక్(12,2);

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దాదాపు ఇదే రూపం, 'టైప్' అన్న పదం మాత్రం ఉండదు. మైఎస్‌క్యూఎల్‌లో 'మాడిఫై కాలమ్' అని రాయాలి. రకంతోపాటు పేరు కూడా మార్చాలంటే 'చేంజ్ కాలమ్'. ఒరాకిల్‌లో 'మాడిఫై'. ఎస్‌క్యూలైట్‌లో రకం మార్చే ఆదేశమే లేదు. సరైన రకాలతో కొత్త టేబుల్ సృష్టించి, డేటాను అందులోకి ఎక్కించి, పాత టేబుల్‌ను తొలగించి, కొత్తదానికి పాత పేరు పెట్టాలి. దీన్నంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అంతా జరిగి లేకపోతే ఏదీ నిలవని ఒక్క గుంపుగా, చేయాలి. పాత టేబుల్‌పై ఉన్న ఇండెక్స్‌లు (వెతకడాన్ని వేగం చేసే సూచికలు), ట్రిగర్‌లు (వరుస మారగానే దానంతట అది నడిచే కోడ్) దానితోపాటే పోతాయి కనుక వాటిని మళ్ళీ సృష్టించడం మరిచిపోకూడదు.

ఒరాకిల్ ఈ విషయంలో అన్నిటికన్నా కఠినం. కాలమ్‌లో విలువలు ఉండగా టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చమంటే, మార్చాలంటే కాలమ్ ఖాళీగా ఉండాలంటూ 01439 నంబరు ఎర్రర్ ఇస్తుంది. కొత్త కాలమ్ చేర్చి, విలువలను అందులోకి మార్చి రాసి, పాతదాన్ని తొలగించడమే అక్కడ మామూలు దారి.

టెక్స్ట్ కాలమ్‌ను ఇంటీజర్‌గా మారుస్తుంటే, దానంతట అది మార్చలేనని పోస్ట్‌గ్రెస్ ఎందుకు అంటోంది?

టెక్స్ట్ నుంచి సంఖ్యకు ఎలా వెళ్ళాలో మీరే చెప్పాలని దాని ఉద్దేశం. ఆదేశం చివర 'యూజింగ్' అని రాసి, మార్చే సూత్రాన్ని ఇవ్వాలి. 'యూజింగ్ మొత్తం::ఇంటీజర్' అని రాస్తే సరిపోతుందని ఎర్రర్ సందేశం కింద సూచన కూడా కనిపిస్తుంది. ఆ సూచనను అలాగే అతికించి పరుగెత్తకండి. మనుషులు టైపు చేసిన టెక్స్ట్ కాలమ్‌లో శుభ్రమైన అంకెలు మాత్రమే ఉండడం అరుదు. ఖాళీ స్ట్రింగ్ ఉంటుంది, ముందో వెనకో స్పేస్ ఉంటుంది, 'లేదు' అని ఉంటుంది, మన పద్ధతిలో కామాలు పెట్టిన 1,25,000 ఉంటుంది. అంకెల చుట్టూ ఉన్న స్పేస్‌ను పోస్ట్‌గ్రెస్ ఊరికే వదిలేస్తుంది. ఖాళీ స్ట్రింగ్‌నూ కామానూ మాత్రం ఒప్పుకోదు.

కాబట్టి 'యూజింగ్' సూత్రంలోనే శుభ్రం చేయాలి. రీప్లేస్‌తో కామాలను తీసేసి, ట్రిమ్‌తో అంచులు కత్తిరించి, నల్‌ఇఫ్‌తో ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గా, అంటే విలువ లేదని చెప్పే గుర్తుగా మార్చి, ఆఖరున ఇంటీజర్ చేయాలి. 'లేదు' లాంటి మాటలను మాత్రం సూత్రంలో కలిపేసి దాటవేయవద్దు. ఆ మాట అసలు ఎందుకు వచ్చిందో ఆ డేటా నమోదు చేసేవారిని అడగండి. 'లేదు' అంటే సున్నా కావచ్చు, తెలియదు కావచ్చు. ఆ రెండింటికీ లెక్కల్లో చాలా తేడా ఉంది.

చెడ్డ విలువలు ఎన్ని ఉన్నాయో ముందే ఎలా తెలుస్తుంది?

ఆల్టర్ ఆదేశం మొదటి చెడ్డ విలువ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని సరిచేసి మళ్ళీ నడిపితే రెండోది బయటపడుతుంది. పెద్ద టేబుల్ మీద ఇలా ఒక్కొక్కటే పట్టుకోవడం రాత్రంతా సాగే పని. దానికి బదులు మారని విలువలన్నిటినీ ఒక్క సెలెక్ట్‌తో బయటికి తీయండి. పోస్ట్‌గ్రెస్ 16లో ఇందుకోసమే 'పీజీ ఇన్‌పుట్ ఈజ్ వాలిడ్' అనే ఫంక్షన్ చేర్చారు. విలువనూ రకం పేరునూ ఇస్తే ఒప్పో తప్పో చెబుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 వెర్షన్ నుంచి 'ట్రై కాస్ట్' ఉంది. మార్చలేని విలువకు ఎర్రర్ ఇవ్వకుండా నల్ ఇస్తుంది. పాత వెర్షన్లలో అంకెలు కాని అక్షరాలున్న వరుసలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతకవచ్చు.

ఆ క్వెరీ ఫలితాన్ని ఎన్ని వరుసలో చూసి వదిలేయకుండా, విలువవారీగా గుంపులు చేసి చూడండి. వెయ్యి చెడ్డ వరుసలు ఉన్నా వాటి వెనక నాలుగైదు అలవాట్లే ఉంటాయి.

టెక్స్ట్‌గా ఉన్న తేదీలను డేట్ రకానికి మార్చడంలో ప్రమాదం ఏమిటి?

అన్ని మార్పుల్లోకీ నేను ఎక్కువగా భయపడేది దీనికే. ఇందులో తప్పు జరిగినా ఎర్రర్ రాకపోవచ్చు.

మనం తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో రాస్తాం. 03/04/2024 అంటే మనకు ఏప్రిల్ 3. డేటాబేస్‌లో 'డేట్‌స్టైల్' అమరిక నెల ముందు వచ్చే అమెరికా పద్ధతిలో ఉంటే, 'యూజింగ్ తేదీ::డేట్' అనగానే అది మార్చి 4 అయిపోతుంది. 13/04/2024 వచ్చినప్పుడు పదమూడో నెల లేదు కనుక ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ రావడం నిజానికి అదృష్టం. టేబుల్‌లో పన్నెండో తేదీ దాటిన వరుస ఒక్కటీ లేకపోతే ఆదేశం నిశ్శబ్దంగా పూర్తవుతుంది, ఒకటో నెల ఒకటో తేదీ లాంటివి తప్ప మిగతా తేదీలన్నీ తారుమారవుతాయి. కొన్ని వారాల తర్వాత ఎవరో నెలవారీ నివేదిక చూసి అడిగేదాకా ఎవరికీ తెలియదు.

అందుకని తేదీల దగ్గర నేరుగా కాస్ట్ చేయవద్దు, అంటే '::డేట్' అని రాసి వదిలేయవద్దు. 'టు డేట్' ఫంక్షన్‌కు రెండు అంకెల రోజు, రెండు అంకెల నెల, నాలుగంకెల సంవత్సరం అని ఆకృతిని స్పష్టంగా చెప్పండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఈ ఫంక్షన్ ఫిబ్రవరి 31 లాంటి లేని తేదీలను తిరస్కరిస్తుంది. అంతకుముందు వెర్షన్లు వాటిని మార్చి నెలలోకి జరిపి ఊరుకునేవి. ఒకే కాలమ్‌లో రెండు ఆకృతులు కలిసిపోయి ఉంటే, ఏ వరుస ఏ ఫారం నుంచి వచ్చిందో, ఏ ఫైలు నుంచి ఎక్కించారో చెప్పే మరో కాలమ్ కోసం వెతకండి. తేదీని చూసి ఊహించడం పనికిరాదు.

టైమ్‌స్టాంప్‌ను టైమ్‌జోన్ ఉన్న రకానికి మారిస్తే సమయాలు అయిదున్నర గంటలు జరిగాయి. ఎందుకు?

టైమ్‌జోన్ లేని విలువకు ఏ జోన్ తగిలించాలో మీరు చెప్పకపోతే, పోస్ట్‌గ్రెస్ మీ సెషన్ జోన్‌ను వాడుకుంటుంది. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండి, అప్లికేషన్ మాత్రం భారత సమయం రాస్తూ వచ్చిందనుకుందాం. ఉదయం 10:30కి వేసిన ఆర్డరును అది యూటీసీ 10:30గా తీసుకుంటుంది. మన గడియారంలో అది సాయంత్రం 4 గంటలు. 'యూజింగ్'లో 'ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా' అని రాస్తే విలువ సరిగ్గా వెళుతుంది. అప్లికేషన్ మొదటినుంచీ యూటీసీయే రాస్తున్నట్లయితే అక్కడ యూటీసీ అని రాయాలి. ఏది నిజమో టేబుల్ చెప్పదు. తెలిసిన సమయంలో జరిగిన ఒక సంఘటన వరుసను తీసి పోల్చి చూడండి.

ఫోను నంబర్లు, పిన్ కోడ్‌లు అంకెలే కదా, ఇంటీజర్‌గా మార్చవచ్చా?

వద్దు. కూడికలు, తీసివేతలు చేయని అంకెలు టెక్స్ట్‌గానే ఉండాలి. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040ని ఇంటీజర్ చేస్తే 40 మిగులుతుంది, విజయవాడ 0866 కాస్తా 866 అవుతుంది. ముందున్న సున్నా ఒకసారి పోతే తిరిగి రాదు, ఎందుకంటే ఏ నంబరుకు ఎన్ని సున్నాలు ఉండేవో ఎక్కడా మిగలదు. బ్యాంకు ఖాతా సంఖ్యలకూ ఇదే వర్తిస్తుంది. పది అంకెల మొబైల్ నంబరైతే ఇంటీజర్‌లో పట్టదు కూడా, ఎందుకంటే ఇంటీజర్ గరిష్ఠ విలువ 2,147,483,647.

డబ్బు కాలమ్ ఫ్లోట్‌లో ఉంది. న్యూమరిక్‌కు మారిస్తే పాత లెక్కలు సరవుతాయా?

న్యూమరిక్ దశాంశాలను ఉన్నవి ఉన్నట్లే దాస్తుంది కనుక ఇకమీదట చేరేవి సరిగ్గా ఉంటాయి. ఇప్పటికే పోయిన పైసలు రావు. ఫ్లోట్ విలువలు బైనరీ భిన్నాలు, 0.1ని వాటిలో కచ్చితంగా దాచడం సాధ్యం కాదు. అందుకే డబుల్ ప్రెసిషన్‌లో (8 బైట్ల ఫ్లోట్) 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో 'రియల్' రకం (4 బైట్ల ఫ్లోట్) వాడి ఉంటే ఇంకో లోతైన గుంట ఉంది. రియల్‌ను నేరుగా న్యూమరిక్ చేస్తే ఆరు ముఖ్యమైన అంకెలే నిలుస్తాయి. 12,34,567.89 రూపాయలు 12,34,570 అయి కూర్చుంటాయి. ముందు డబుల్ ప్రెసిషన్‌కు మార్చి, దాని నుంచి న్యూమరిక్‌కు వెళ్ళండి. అప్పుడు 12,34,567.88 వస్తుంది. ఆ ఒక్క పైసా తేడా రియల్‌లో దాచిన రోజునే వచ్చింది, మార్పు వల్ల కాదు. మార్చడానికి ముందూ తర్వాతా మొత్తాలను కూడి రాసి పెట్టుకోండి, తేడా వస్తే లెక్కలు చూసేవారికి వివరించగలగాలి.

ఆదేశం ఇవ్వగానే అప్లికేషన్ మొత్తం ఆగిపోయింది. టేబుల్ అంత పెద్దదేమీ కాదే?

టేబుల్ పరిమాణం కన్నా లాక్, అంటే ఇతరులు టేబుల్ వాడకుండా వేసే తాళం, పెద్ద సమస్య. పోస్ట్‌గ్రెస్‌లో రకం మార్పుకు 'యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్' లాక్ కావాలి. అది ఉన్నంతసేపు ఆ టేబుల్ మీద సెలెక్ట్ కూడా నడవదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది వరుస కట్టే తీరు. ఎవరో ఒక నివేదిక కోసం అరగంట సెలెక్ట్ నడుపుతున్నారనుకోండి. మీ ఆల్టర్ అది ముగిసేదాకా ఎదురుచూస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి చిన్న సెలెక్ట్ మీ ఆల్టర్ వెనక నిలబడుతుంది. రైల్వే గేటు ముందు ఒక్క లారీ ఆగితే దాని వెనక సైకిళ్ళు సహా అన్నీ ఆగినట్లు ఉంటుంది. మీ ఆదేశం ఇంకా మొదలే కాలేదు, అప్లికేషన్ మాత్రం ఆగిపోయింది.

దీనికి మందు 'లాక్ టైమౌట్'. ఆల్టర్‌కు ముందు దాన్ని రెండు సెకన్లకు పెట్టండి. ఆలోపు లాక్ దొరకకపోతే ఆదేశం విఫలమై దారి వదులుతుంది, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఈ ఒక్క అలవాటు లేకుండా నడుస్తున్న డేటాబేస్ మీద ఏ ఆల్టర్ ఆదేశమూ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. మైఎస్‌క్యూఎల్‌లోనూ మెటాడేటా లాక్ వల్ల ఇదే పరిస్థితి వస్తుంది.

ఏ మార్పులు క్షణాల్లో అవుతాయి, ఏవి గంటలు తీసుకుంటాయి?

డిస్క్ మీది బైట్లు మారనవసరం లేకపోతే క్షణాల్లో అవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌చార్(50)ని, అంటే గరిష్ఠంగా 50 అక్షరాల టెక్స్ట్‌ను, వార్‌చార్(100) చేయడం, వార్‌చార్‌ను టెక్స్ట్ చేయడం, న్యూమరిక్(10,2)ని న్యూమరిక్(12,2) చేయడం ఆ కోవలోవి. దశాంశ స్థానాల సంఖ్య మారితే మాత్రం టేబుల్ అంతా తిరగరాయాలి. ఇంటీజర్‌ను బిగ్‌ఇంట్ చేయడమూ అంతే, 4 బైట్ల చోట 8 బైట్లు రాయాలి కనుక. తిరగరాసేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ డిస్క్ మీద ఉంటాయి, ఇండెక్స్‌లు కూడా కొత్తగా కడతారు. ఖాళీ స్థలం అంతకు తగ్గట్టు ఉందో లేదో ముందే చూసుకోండి.

మైఎస్‌క్యూఎల్‌లో రకం మార్పంటే టేబుల్‌ను కాపీ చేయడమే. ఆ సమయంలో చదవవచ్చు, రాయడం కుదరదు. వార్‌చార్ పొడవు పెంచడం తేలికే గానీ ఒక మెలిక ఉంది. గరిష్ఠ పొడవు 255 బైట్ల లోపు ఉంటే పొడవును ఒక బైటులో దాస్తారు, దాటితే రెండు బైట్లలో. ఆ గీత దాటితే కాపీ తప్పదు. యూటీఎఫ్8ఎంబీ4లో (మైఎస్‌క్యూఎల్ యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) ఒక్కో అక్షరానికి 4 బైట్ల లెక్కన వార్‌చార్(63) వరకే మొదటి వైపు, 64 నుంచి రెండో వైపు.

పొడవు తగ్గించడం గురించి ఒక హెచ్చరిక. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా తగ్గిస్తే పట్టని విలువ దగ్గర ఎర్రర్ వస్తుంది. 'యూజింగ్ పేరు::వార్‌చార్(50)' అని రాశారో, మిగతా అక్షరాలను చప్పుడు లేకుండా కత్తిరిస్తుంది.

ఐడీలు ఇంటీజర్ పరిమితికి దగ్గరపడ్డాయి. ఎంత ముందు మేలుకోవాలి?

సగం నిండేసరికి పని మొదలుపెట్టండి. 2018 నవంబరు 8న, ప్రాజెక్టుల నిర్వహణకు వాడే బేస్‌క్యాంప్ సేవ దాదాపు అయిదు గంటలపాటు కొత్తగా ఏమీ రాయలేని స్థితిలో ఉండిపోయింది. ఒక టేబుల్ ఐడీలు 2,147,483,647కు చేరడమే కారణం. వాళ్ళ సొంత ఇంట్లో పుట్టిన రైల్స్ ఫ్రేమ్‌వర్క్ అంతకు ఏడాది ముందే, 5.1 వెర్షన్‌లో, ప్రైమరీ కీలను (వరుసను గుర్తించే ఐడీ కాలమ్‌లు) బిగ్‌ఇంట్ చేసింది. కొత్త టేబుళ్ళకు అది పనికొచ్చింది, పాత టేబుల్ పాతదిగానే ఉండిపోయింది.

ప్రైమరీ కీని మార్చి ఊరుకుంటే సరిపోదు. దాన్ని సూచించే ఫారిన్ కీ కాలమ్‌లన్నీ మారాలి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి సీరియల్ కాలమ్‌తో వచ్చే సీక్వెన్స్ (తర్వాతి ఐడీని ఇచ్చే లెక్క) కూడా ఇంటీజర్ రకమే, దాన్ని విడిగా బిగ్‌ఇంట్ చేయాలి. అప్లికేషన్ కోడ్‌లో 32 బిట్ల వేరియబుల్‌లో ఐడీ పట్టుకున్న చోట్లు కూడా వెతకాలి. నిజంగా గడువు ముంచుకొచ్చేస్తే సీక్వెన్స్‌ను రుణ సంఖ్యల నుంచి, అంటే మైనస్ 2,147,483,648 నుంచి నడిపి కాలం కొనుక్కునే ఉపాయం ఉంది. ఐడీ ఎప్పుడూ ధన సంఖ్యేనని కోడ్ నమ్మని చోట మాత్రమే అది పనిచేస్తుంది.

సేవ ఆపకుండా పెద్ద టేబుల్‌లో రకం మార్చడం ఎలా?

కాలమ్‌ను మార్చకుండా, దాని పక్కన కొత్త కాలమ్ పెంచి చివర్లో పేర్లు మార్చుకోవాలి.

నల్ అనుమతించే బిగ్‌ఇంట్ కాలమ్ ఒకటి చేర్చండి. ఇది క్షణంలో అవుతుంది. కొత్తగా వచ్చే, మారే వరుసల్లో పాత విలువను కొత్త కాలమ్‌లోకి రాసే ట్రిగర్ పెట్టండి. ఆ తర్వాత పాత వరుసలను విడతలుగా నింపండి. ఒక్కో విడతకు అయిదు నుంచి పది వేల వరుసలు తీసుకుని, ప్రతి విడత తర్వాత కమిట్ చేసి (మార్పును ఖాయం చేసి), కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. అంతా ఒకే అప్‌డేట్‌గా చేస్తే పాత వరుసల చెత్త ఒక్కసారిగా పేరుకుని దాన్ని ఊడ్చే వాక్యూమ్ ఉక్కిరిబిక్కిరవుతుంది, రెప్లికాలు (నకలు సర్వర్లు) వెనకబడతాయి.

నింపడం ముగిశాక యూనిక్ ఇండెక్స్‌ను 'కాంకరెంట్లీ' అని రాసి కట్టండి. ఇది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. నల్ కాకూడదన్న నియమాన్ని ముందు పాత వరుసలను పరీక్షించని 'నాట్ వాలిడ్' చెక్‌గా చేర్చి, తర్వాత 'వాలిడేట్' చేయండి. వాలిడేట్ చేసేటప్పుడు చదవడం, రాయడం రెండూ నడుస్తూనే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ఆ చెక్‌ను నమ్మి 'సెట్ నాట్ నల్' టేబుల్‌ను మళ్ళీ వెతకదు. చివరగా ఒక చిన్న ట్రాన్సాక్షన్‌లో, లాక్ టైమౌట్ పెట్టుకుని, ట్రిగర్ తీసేసి, పేర్లు మార్చి, ప్రైమరీ కీని కొత్త ఇండెక్స్‌కు కట్టండి. పాత కాలమ్‌ను అదే రోజు తొలగించవద్దు, కొన్నాళ్ళు ఉండనివ్వండి.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ పనికి సిద్ధంగా ఉన్న సాధనాలున్నాయి. పెర్కోనా వారి ఆన్‌లైన్ స్కీమా మార్పు సాధనం ట్రిగర్‌లతో పనిచేస్తుంది. గిట్‌హబ్ 2016లో విడుదల చేసిన గోస్ట్ ట్రిగర్‌లు లేకుండా బైనరీ లాగ్ (మార్పుల చిట్టా) చదివి మార్పులను కొత్త టేబుల్‌లోకి తెస్తుంది.

రకం మార్చాక నాట్ నల్, డిఫాల్ట్ విలువ పోయాయి. ఎక్కడ తప్పు జరిగింది?

మైఎస్‌క్యూఎల్‌లో మాడిఫై అంటే కాలమ్‌ను మళ్ళీ మొదటినుంచి నిర్వచించడం. నాట్ నల్, డిఫాల్ట్, కామెంట్ ఏది రాయకపోతే అది పోతుంది. 'షో క్రియేట్ టేబుల్' ఇచ్చి, పాత నిర్వచనాన్ని కాపీ చేసుకుని, రకం ఒక్కటి మార్చండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా నాట్ నల్ అని తిరిగి రాయకపోతే కాలమ్ మామూలుగా నల్‌ను అనుమతించేదిగా మారిపోతుంది.

వ్యూ ఉందని మార్చనివ్వడం లేదు. డిఫాల్ట్ గురించి కూడా ఎర్రర్ వస్తోంది.

వ్యూ (టేబుల్‌లా వాడుకునే, పేరు పెట్టి దాచిన క్వెరీ) వాడుతున్న కాలమ్ రకాన్ని పోస్ట్‌గ్రెస్ మార్చనివ్వదు. వ్యూ నిర్వచనాన్నీ దానిపై ఇచ్చిన అనుమతులనూ దాచుకుని, ఒకే ట్రాన్సాక్షన్‌లో వ్యూ తొలగించి, రకం మార్చి, వ్యూను తిరిగి సృష్టించండి. డిఫాల్ట్ దానంతట అది మారలేకపోతే ముందు దాన్ని తీసేసి, రకం మార్చాక కొత్తది పెట్టాలి.

తెలుగు పేర్లు వార్‌చార్‌లో పట్టడం లేదు. పొడవు ఎంత పెట్టాలి?

మీ డేటాబేస్ పొడవును దేనితో లెక్కిస్తుందో ముందు తెలుసుకోండి. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి 7 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల లెక్కన 21 బైట్లు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ దాన్ని 7గా లెక్కిస్తాయి. ఒరాకిల్‌లో వార్‌చార్2(20) అంటే, వేరుగా చెప్పనంతవరకు 20 బైట్లు. అందులో లక్ష్మి పేరు పట్టదు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి సరిపోయిందనుకున్న కాలమ్ మన పేర్ల దగ్గర విఫలమయ్యేది ఇక్కడే. ఒరాకిల్‌లో పొడవు పక్కన 'చార్' అని రాసి సంకేతాల లెక్కకు మార్చండి. అయినా మామూలు అమరికలో 4000 బైట్ల పైపరిమితి అలాగే ఉంటుంది, అంటే దాదాపు 1,333 తెలుగు సంకేతాలు.

తెలుగు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. రకం మారిస్తే తిరిగి వస్తాయా?

నిజంగానే ప్రశ్నార్థకాలు దాచి ఉంటే రావు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వార్‌చార్‌లో ఇలా జరుగుతుంది. తెలుగుకు విండోస్ పాత కోడ్ పేజీల్లో (అక్షరాల పట్టికలు) చోటు లేదు. వార్‌చార్‌లో యూనికోడ్ దాచనిచ్చే అమరిక, యూటీఎఫ్-8 కొలేషన్, వచ్చింది 2019 వెర్షన్‌లోనే. ఎన్‌వార్‌చార్‌కు (యూనికోడ్ టెక్స్ట్ రకం) మార్చి, మూలం నుంచి డేటాను మళ్ళీ ఎక్కించాలి. మార్చాక కూడా క్వెరీలో నేరుగా రాసే తెలుగు స్ట్రింగ్ ముందు 'ఎన్' అక్షరం ఉండాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ప్రశ్నార్థకాల బదులు గీతలు, చుక్కలు ఉన్న వింత లాటిన్ అక్షరాలు కనిపిస్తుంటే ఆశ ఉంది. యూటీఎఫ్-8 బైట్లు లాటిన్1 కాలమ్‌లో పడి ఉండవచ్చు. అప్పుడు కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చితే తప్పు శాశ్వతమవుతుంది. ముందు బ్లాబ్‌కు (ముడి బైట్ల రకం) మార్చి, అక్కడినుంచి యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చండి. బైట్లు అలాగే ఉండి, చదివే తీరు మాత్రం మారుతుంది. ముందు టేబుల్ నకలు మీద చేసి చూడండి.

తప్పు జరిగితే వెనక్కి తీసుకోవచ్చా?

పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ట్రాన్సాక్షన్ లోపల ఉన్నంతవరకు రోల్‌బ్యాక్ చేయవచ్చు. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో ఆల్టర్ ఇవ్వగానే కమిట్ అయిపోతుంది. కమిట్ అయ్యాక రకాన్ని పాతదానికి తిప్పగలరు గానీ, పోయిన సున్నాలు, కత్తిరించిన అక్షరాలు రావు. బ్యాకప్ ఉండడంతోపాటు, దాన్ని తిరిగి ఎక్కించి చూసి కూడా ఉండాలి.

మార్చాక ఇంకేమైనా చేయాలా?

పోస్ట్‌గ్రెస్ ఆ కాలమ్ గణాంకాలను తొలగిస్తుంది, కాబట్టి వెంటనే 'ఎనలైజ్' నడపండి. లేకపోతే నిన్నటిదాకా చురుకుగా ఉన్న క్వెరీలు తప్పు ప్లాన్‌తో నెమ్మదిస్తాయి. తెరిచి ఉన్న కనెక్షన్లలో ముందే సిద్ధం చేసిన క్వెరీలు, ఫలితం రకం మారిందని ఎర్రర్ ఇవ్వవచ్చు. కనెక్షన్లు కొత్తగా తెరిస్తే అది పోతుంది. లాజికల్ రెప్లికేషన్ (డేటా మార్పులను మరో డేటాబేస్‌కు పంపే ఏర్పాటు) ఉంటే స్కీమా మార్పు అవతలి డేటాబేస్‌కు దానంతట అది వెళ్ళదు, అక్కడ కూడా మీరే చేయాలి. ఆ తర్వాత, మార్చకముందు రాసి పెట్టుకున్న వరుసల సంఖ్య, మొత్తాలు, నల్‌ల లెక్క తీసి కొత్తవాటితో పోల్చండి.